ఉత్త ఎసరు

జూలై 7, సోమవారం

తెల్లవారకముందు నుంచి ముసురు. లోపల పెట్టిన కట్టెలు కూడా చెమ్మగిల్లాయి. ఊరికి జావ పోసే వంటశాలలో పొయ్యి రాజుకోవడానికి చాలాసేపు పట్టింది. ఊదీ ఊదీ బుగ్గలు లాగేశాయి, కళ్ళు ఇప్పటికీ మండుతున్నాయి. జావ ఆలస్యమైంది. పిల్లలు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడి చెంచాలతో మోగించారు. ముసలివాళ్ళు మోగించలేదు. గుండిగ వైపు చూస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం గింజల లారీ వచ్చింది. డ్రైవర్ బస్తాలు దించాడు. ఎప్పుడూ దిగగానే టీ అడిగేవాడు, ఇవాళ అడక్కుండా గుండిగ చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంటన్నా, కొంటావా?" అన్నాను.

"కొనడం కాదు చెల్లీ. ఎత్తేది నేనే కదా, బరువెంతుంటుందో చూస్తున్నా."

ఇక గింజలు తీసుకురాడట. వచ్చేసారి గుండిగలు తీసుకెళ్ళడానికే వస్తాడట. మా ప్రాంతంలో ఆకలి తగ్గిపోయిందని పైన తేలిందట. వంటశాల అవసరం లేదట.

"తగ్గిందని నీకెవరు చెప్పారు?"

"పేపర్లో పడింది. లోకమంతా చదివింది, నువ్వు తప్ప."

రేడియో వదిన నా పక్కనే గిన్నెలు తోముతోంది. ఎదురింట్లో ఉంటుంది, వంటశాలలో నాతోపాటు పనిచేస్తుంది. వీధిలో ఏ కబురైనా ఆమె నోట్లోంచే మొదలవ్వాలి. వంటశాల మూస్తున్నారన్నదానికంటే, ఆ మాట తనకంటే ముందు డ్రైవర్‌కి తెలిసినందుకు ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది.

కోతలు ఇంకా చాలా దూరం. ఇళ్ళల్లో గాదెల అడుగు కనపడే రోజులివి. ఈ రోజుల్లో మూస్తారా?

నేను అక్కడ ఏమీ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను. మూయనివ్వను.

జూలై 8, మంగళవారం

కాస్త తెరిపి. జావ అందరికీ సరిపోయింది. రాత్రి నాకు ఆకలి లేదు. నా వంతు మా పెద్దమ్మాయికి వేశాను.

జూలై 10, గురువారం

సార్ వచ్చారు. ఆకలి తగ్గుదల చూసే ఆఫీసు సార్. వెంట సర్వే అమ్మాయి. ఆమెను మేం ఎరుగుదుం. పోయిన నెలంతా వీధుల్లో తిరిగింది. మెత్తటి పిల్ల, ఎవరినీ నొప్పించదు. వంటింట్లోకి తొంగి చూస్తే ఏమనుకుంటారో అని గుమ్మం బయటే నిలబడి అడిగేది.

వంటశాల స్తంభాలకు పెద్ద గుడ్డ కట్టారు. "ఆకలిని గెలిచిన ప్రాంతం" అని ఎర్రటి అక్షరాలు. మంచి గట్టి గుడ్డ.

సార్ చెడ్డ మనిషేం కాదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. ముసలివాళ్ళ పక్కన చాప మీద కూర్చుని మాట్లాడారు. ఒకప్పుడు ఈ వైపు ఊళ్ళల్లో పిల్లలు ఎలా ఉండేవాళ్ళో, ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని పూటలు పస్తులు పడుకునేవాళ్ళో చెప్పారు. అది అబద్ధం కాదు. నా చిన్నప్పుడు అమ్మతో కలిసి గట్ల మీద దుంపలు తవ్వాను. అమ్మ చీర కొంగు పొట్టకు గట్టిగా బిగించి కట్టుకునేది. మా తమ్ముడు ఆ ఏడే పోయాడు. ఇప్పుడు నా పెద్దది బడిగోడ ఎక్కి దూకుతుంది. ఏ పిల్ల చెయ్యి పట్టుకున్నా కండ తగులుతుంది. ఈ గుండిగ వల్లే తగిలింది. సార్ చెప్పిన ప్రతి మాటకీ తల ఊపాను.

అప్పుడు ఆయన అన్నారు. "ఇవాళ ఈ ఊళ్ళో రాత్రి పొయ్యి వెలగని ఇల్లు ఒక్కటి కూడా లేదు. మా అమ్మాయి ప్రతి వీధిలో పొద్దుగూకే వేళ నిలబడి చూసింది. ప్రతి ఇంటి మీదా పొగే."

నా వెనక ఎవరో దగ్గారు.

పొగ. ఆ పిల్ల పొగ చూసి రాసుకుంది. మా ఊళ్ళో ఇంట్లో గింజ ఉన్నా లేకపోయినా సాయంత్రం పొయ్యి వెలిగి తీరాలి. లేనిరోజు కుండ నిండా నీళ్ళు పోసి ఎసరు పెడతారు. మూత వేస్తారు. మధ్యలో గరిటె పెట్టి కుండకు తగిలేలా తిప్పుతారు, పక్కింటికి వినపడాలి కదా. పిల్లలు అన్నం ఉడుకుతోందనుకుని చూసి చూసి నిద్రపోతారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి, పుట్టింట్లోనూ ఇక్కడా ఇదే చూస్తున్నాను. ఎవరింట్లో ఏ రోజు ఉత్త ఎసరో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. సర్వే అమ్మాయి "రాత్రి వండారా అక్కా?" అంటే అందరూ వండామనే చెప్పారు. పొయ్యి మీద కుండ ఉంది మరి.

నేను లేచాను. "సార్, ఇంకా ఉంది."

"ఏది అమ్మా?"

"ఆకలి. తగ్గింది సార్, కాదనను. పోలేదు."

"ఎవరింట్లో ఉంది? చెప్పండి, రాసుకుంటాను."

చుట్టూ చూశాను. అందరూ తలలు వంచి కాలివేళ్ళు చూసుకుంటున్నారు. ఎప్పుడూ నోరు మూయని రేడియో వదిన కూడా. ఒకరి కుండ మూత నేనెలా తీస్తాను?

"మీ ఇంట్లోనా?" అన్నారు సార్, మెల్లిగానే.

"మా ఇంట్లో కాదు," అన్నాను.

మా ఇంట్లో రోజూ పొయ్యి వెలుగుతుంది. అందులో అబద్ధం లేదు.

వచ్చే గురువారం సాయంత్రం ఆఖరిసారి వచ్చి చూసి, మూసెయ్యమని సంతకం పెడతారట.

జూలై 11, శుక్రవారం

మళ్ళీ వాన. వంటశాల వెనక కట్టెలు తడుస్తుంటే స్తంభాలకు కట్టిన గుడ్డ విప్పి వాటి మీద కప్పాను. గెలిచిన ప్రాంతం కింద కట్టెలు పొడిగా ఉన్నాయి.

సాయంత్రం అత్తతో మాట పెరిగింది. పొయ్యి రాజేసి, కుండ పెట్టి, నిప్పుల మీద ఉల్లిపొట్టు వేసింది. వాసన వీధి చివరిదాకా పోతుంది. ఈ విద్యలో ఊళ్ళో మా అత్తను మించినవాళ్ళు లేరు.

"ఎందుకత్తా ఇదంతా? ఈ పొగ చూసే కదా వంటశాల మూస్తున్నారు."

"మూస్తే మూయనీ. నా పొయ్యి సంగతి నీకెందుకు?"

"నీకెందుకంటావేంటి? మధ్యాహ్నం ఆ జావే లేకపోతే నీ మనవడు ఏం తింటాడు?"

"నువ్వు నిన్న కాక మొన్న వచ్చావ్. మీ మామ పోయిన ఏడు, మూడు ఇళ్ళ అవతల ఒకావిడ పొయ్యి వెలిగించడం మానేసింది. మానేసిన మర్నాటి నుంచి ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదే. ఎక్కడ అడుగుతుందో అని. ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాళ్ళు. నేనూ తిరిగిపోయాను." కాసేపు గరిటె తిప్పింది. "ఆకలికి చావలేదు ఆవిడ. ఎవరూ పలకరించకే పోయింది."

అత్త గరిటెను కుండకు కొంచెం గట్టిగానే కొట్టింది.

జూలై 12, శనివారం

పొయ్యి వెలిగింది. పిల్లలు కుండ చూస్తూ నిద్రపోయారు. నాకు ఆకలి లేదు.

జూలై 14, సోమవారం

గింజలు బాగుచేసేటప్పుడు ఆడవాళ్ళందరూ వంటశాలలోనే ఉంటారు. అప్పుడు చెప్పాను. గురువారం సార్ వచ్చే వేళకు, ఇంట్లో ఉన్నవాళ్ళు వండుకోండి, లేనివాళ్ళు పొయ్యి వెలిగించకండి. ఉన్నది ఉన్నట్టు కనపడనీ.

చేటలు ఆగిపోయాయి.

"అంటే ఎవరింట్లో లేదో ఊరంతా చూడాలా?" అంది దర్జీ భార్య. వాళ్ళకు ఈ మధ్య బాగానే ఉంది. కొత్త మిషను కొన్నారు.

"ఊరికి తెలియందేముంది వదినా? తెలియంది సార్‌కే."

"తెలియడం వేరు, చూడ్డం వేరు."

రేడియో వదిన మధ్యలోకి వచ్చింది. "ఇన్ని మాటలెందుకు, వీధి మొత్తం మానేద్దాం. ఒక్క ఇంట్లోనూ పొగ లేదంటే సార్‌కి గుండె ఆగిపోతుంది. వంటశాల ఇంకో పదేళ్ళు ఉంటుంది."

అందరూ నవ్వారు. కొందరు సరేనన్నారు కూడా. నేను వద్దన్నాను. దర్జీ ఇంట్లో ఉంది, ఉందని కనపడాలి. లేనిచోట ఉందని చెబితే ఒక అబద్ధం, ఉన్నచోట లేదని చెబితే ఇంకోటి. నిజంగా తగ్గింది, దాన్నెందుకు దాచాలి?

"అబ్బో," అంది దర్జీ భార్య. "అంత నిజం కావాలంటే ముందు నీ పొయ్యి ఆర్పు. తర్వాత మా సంగతి చూస్తాం."

"ఆర్పుతాను," అన్నాను.

అనేశాక అందరూ నా మొహం వైపు చూశారు. మా ఇంట్లో కాదని సార్‌తో అన్నది వాళ్ళూ విన్నారు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చేటలు మళ్ళీ కదిలాయి.

జూలై 15, మంగళవారం

మా ఆయన ఫోన్ చేశారు. రోడ్డు పని దగ్గర వాన వల్ల రెండు వారాలుగా పనే లేదట. నా సంగతి అప్పుడే అక్కడిదాకా పోయింది. రేడియో వదిన తమ్ముడు కూడా ఆ పనిలోనే ఉన్నాడు.

"ఆఫీసు వాళ్ళతో నీకెందుకే గొడవ? నలుగురితో పాటు ఊరుకోరాదా?"

"సరిగ్గా వినపడట్లేదు," అన్నాను.

"ఊరుకో అంటున్నా!"

"ఇక్కడ వాన. అసలేం వినపడట్లేదు." పెట్టేశాను. ఎండ కాస్తోంది.

జూలై 17, గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే అత్తతో చెప్పాను, ఇవాళ మన పొయ్యి వెలగదని. అత్త మాట్లాడలేదు. ఒప్పుకుందనుకున్నాను.

పొద్దు వాలేవేళకు గుండిగలు కడిగి ఇంటికి వస్తున్నాను. వీధి మలుపులో సార్, సర్వే అమ్మాయి నిలబడి ఉన్నారు. మబ్బు విడిపోయింది. ఒక్క ఇల్లు కూడా తప్పకుండా అన్ని కప్పుల మీదా పొగ. అన్నిటికంటే దట్టంగా మా ఇంటి మీద. ఉల్లిపొట్టు వాసన మలుపుదాకా కొడుతోంది.

"చూశారా అమ్మా," అన్నారు సార్. గెలిచినట్టు అనలేదు, నన్ను ఓదార్చినట్టు అన్నారు. దానికి ఇంకా ఒళ్ళు మండింది. తలెత్తి ఏం చెప్పను? నా ఇంటి పొగే నా నోరు మూసింది. ఆ క్షణంలో అత్తను ఏమేం అనుకున్నానో అవి రాయను.

అప్పుడు అత్త చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరది, సర్వే అమ్మాయివా తల్లీ? అక్కడే నిలబడ్డావేం? రా, భోంచేసి పో."

"వద్దు అవ్వా, తినే వచ్చాను."

"ఎక్కడ తిన్నావ్, బస్సులోనా? భోజనం వేళకు వచ్చిన మనిషిని ఉత్త కడుపుతో పంపితే ఈ గుమ్మానికి మర్యాదా? సార్, మీరు కూడా రండి. వేడి వేడిగా ఉంది."

మా అత్త పిలిస్తే తప్పించుకోవడం ఎవరివల్లా కాదు. ఇద్దరూ కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చారు. చాప వేసింది. పళ్ళేలు కడిగి ముందు పెట్టింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పిల్లలిద్దరూ వచ్చి చాప చివర కూర్చున్నారు. కుండ మీద మూత ఎగిరెగిరి పడుతోంది.

అత్త మూత తీసింది. ఆవిరి గుప్పున లేచింది. గరిటె ముంచి అమ్మాయి పళ్ళెంలో వడ్డించింది. నీళ్ళు. పళ్ళెం అంచుదాకా పాకి నిలిచాయి. సార్ పళ్ళెంలో కూడా వడ్డించింది.

"తినండి. ఉప్పు వేశాను. చాలకపోతే చెప్పండి."

"ఏంటమ్మా ఇది?" అన్నారు సార్.

"మా రాత్రి భోజనం సార్. వండారా అని మీ అమ్మాయి అడిగింది. వండాం అన్నాం. చూడండి, ఎంత బాగా ఉడికిందో. మొహమాటపడకు తల్లీ, ఇంకో గరిటె వేస్తాను, కుండ నిండా ఉంది."

"మరి మీ కోడలు మీ ఇంట్లో కాదన్నారు..."

"దానికి సిగ్గు," అంది అత్త. "అది పోయిన వారం నుంచి రాత్రిళ్ళు తినలేదు. ఆకలి లేదంటుంది. నేను కూడా దాని వయసులో అలాగే అనేదాన్ని."

సార్ నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. సర్వే అమ్మాయి పళ్ళెం రెండు చేతులా ఎత్తి తాగేసింది. నాలుక కాలి ఉంటుంది.

గుమ్మం బయట అప్పటికే వీధంతా ఉంది. ముందుగా గొంతు విప్పింది రేడియో వదినే. "సార్, ఆ ఒక్క ఇంట్లోనే కూర్చుంటే ఎలా? మా ఇంటికి రండి. మా ఇంట్లో రెండు రకాలు చేశాను. వేడినీళ్ళు, చన్నీళ్ళు."

ఎవరో పకపకా నవ్వారు. దాంతో అందరూ నవ్వారు. ఏడ్చేవాళ్ళు కూడా ఉంటారనుకున్నాను గాని ఎవరూ ఏడవలేదు. "మా ఇంటికి", "మా ఇంటికి" అని సార్‌ను ఇల్లిల్లూ తిప్పారు. వెళ్ళిన ప్రతిచోటా చాప వేసి కూర్చోబెట్టి మరీ మూత తీశారు. కొన్ని ఇళ్ళల్లో ఎసరు. కొన్ని ఇళ్ళల్లో అన్నం ఉంది, కూర లేదు. దర్జీ భార్య దారికి అడ్డంగా నిలబడింది.

"మా ఇంట్లో నిజంగానే ఉంది సార్, ఎవరూ నవ్వకండి. మాదీ చూడాలి."

అక్కడ సార్ కడుపునిండా తిన్నారు. తినక చస్తారా, వదిలితేనా. అన్నం, పప్పు, రెండు కూరలు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ వీధిలో ఈ నెలలో అలాంటి కుండ ఒక్క ఇంట్లో కూడా లేదు. ఇప్పుడు సగానికి సగం ఇళ్ళల్లో ఉంది. అది కూడా సార్‌కి చెప్పాను. సగం అయింది సార్, సగంలో గుండిగ తీసుకుపోకండి అన్నాను.

సార్ చాలాసేపు చేతులు కడుక్కున్నారు. "సంతకం ఇవాళ పెట్టను," అన్నారు. "కోతలదాకా ఆపమని అడుగుతాను. పైన ఏమంటారో నాకు తెలియదమ్మా."

"పైవాళ్ళను కూడా భోజనానికి రమ్మనండి," అంది అత్త.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "మొన్న నా మీద అంతెత్తున లేచావు కదా అత్తా? ఇవాళ ఏమైంది?"

"నువ్వు పొయ్యి ఆర్పమన్నావ్. పొయ్యి ఆరిన ఇంటిని చూసి జనం తప్పుకుని పోతారు. నేను లోపలికి పిలిచి ఉన్నది వడ్డించాను. ఇందులో నా పరువు ఎక్కడ పోయింది?"

దర్జీ ఇంటి నుంచి పిల్లలకు అన్నం వచ్చింది. అత్త ఒక ముద్ద కలిపి నా నోటి ముందు పెట్టింది. ఆకలి లేదనబోయాను.

"నోర్ముయ్. తిను," అంది.

తిన్నాను.

జూలై 18, శుక్రవారం

జావ. పిల్లలు చెంచాలతో మోగించారు. ముసలివాళ్ళల్లో ఒకాయన కూడా మోగించాడు.

జూలై 21, సోమవారం

పైనుంచి ఏ కబురూ లేదు. లారీ మాత్రం అనుకున్న రోజుకే వచ్చింది. ఎత్తుకెళ్ళమని ముందే ఇచ్చిన కాగితం డ్రైవర్ దగ్గర ఉంది, ఆపమన్న కాగితం ఎవరి దగ్గరా లేదు.

లారీ చప్పుడు వినగానే మిగిలిన గింజలు ఎసట్లో పోసేశాను. డ్రైవర్ లోపలికి వచ్చేసరికి గుండిగ నిప్పుల మీద కుతకుతలాడుతోంది.

"దింపు చెల్లీ, నేను పోవాలి."

"దింపుకో అన్నా. కాలుతుంది మరి, చూసుకో."

"ఎంతసేపట్లో అయిపోతుంది?"

"వడ్డించాక. వడ్డించాక కడగాలి. కడిగాక రాత్రికి మళ్ళీ పెట్టాలి."

"రాత్రి కూడానా? ఎప్పటినుంచి?"

"ఇవాళ్టి నుంచి," అంది రేడియో వదిన. నాకు కూడా అప్పుడే తెలిసింది. రాత్రికి గింజలు ఎక్కడివని ఎవరూ అడగలేదు. దర్జీ భార్య సాయంత్రం ఒక గంప తెచ్చి పెట్టింది. తెచ్చానని ఎవరికీ చెప్పొద్దంది. ఆ మాట రేడియో వదిన ఎదురుగానే అంది.

డ్రైవర్ కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గిన్నె అడిగాడు. రెండుసార్లు వడ్డించాను. "చాలా వేడిగా ఉంది, ఎత్తలేకపోయానని చెప్తా," అన్నాడు. మళ్ళీ వస్తాడు. వచ్చినప్పుడు కూడా వేడిగానే ఉంటుంది.

రాత్రి ఆడబిడ్డ ఫోన్ చేసింది. వచ్చే వారం సర్వే వాళ్ళ ఊళ్ళోనట. ఆ ఊళ్ళో కూడా ప్రతి ఇంటి మీదా పొగే. అత్త ఫోన్ నా చేతిలోంచి లాక్కుని, ఎవరూ ఏం చెయ్యొద్దు, నేను వచ్చేదాకా ఆగండి అంది.

జూలై 22, మంగళవారం

వాన లేదు. కట్టెలు ఆరాయి.

లారీ నిన్న మధ్యాహ్నం ఖాళీగా వెళ్ళింది. అత్త ఇవాళ పొద్దున మొదటి బస్సుకు కూతురి ఊరికి వెళ్ళింది. తన కుండ తను తీసుకెళ్ళింది, మూతతో సహా.